సుద్ద కలిపిన ట్రే

ఇంజనీరింగ్ పూర్తయిన కొత్తలో నాకు తెలియనిదంటూ లోకంలో లేదనుకునేదాన్ని. ఇప్పుడెవరైనా "ఈ ప్లాస్టిక్ గట్టిదేనా?" అని అడిగితే చటుక్కున నోరు పెగలదు. దీనికంతటికీ కారణం భీమవరంలో మా బాబాయి షెడ్డు. రొయ్యలూ ఐసూ వేసుకునే ప్లాస్టిక్ ట్రేలు పోతపోసేవాడు. ప్లాస్టిక్ ధర మండిపోయి, షెడ్డు మూసేద్దామని పిన్నితో గొణుగుతుంటే నా మనసు ఆగలేదు. "సుద్దపొడి కలుపుదాం బాబాయ్, చవక. పైగా వంగదు" అన్నాను. పుస్తకంలో అలాగే ఉంది మరి. (తర్వాతి పేజీ తిప్పాలని తోచలేదు.)

కలిపాం. బాబాయి ట్రే బోర్లించి పైకెక్కాడు. మామూలు ట్రే అయితే ఆయన బరువుకి కుంగేది, ఇది చలించలేదు. "నీ చదువుకి దణ్ణమే తల్లీ!" అన్నాడు. ఆ ఊపులోనే రొయ్యల వ్యాపారం చేసే ఒకావిడకి (నేను అత్తయ్యగారని పిలుస్తాను) చూపించాం. ఆవిడ ఆర్డరిస్తేనే షెడ్డు నిలిచేది. ట్రే ఖాళీ చేశాక, అంటుకున్న ఐసు రాలడానికి గచ్చు మీద టపీమని కొట్టడం ఆవిడ పనివాళ్ళ అలవాటు. కొట్టారు. రెండు ముక్కలైంది.

"ఏంటండీ ఇది, అప్పడమా?" అన్నారు అత్తయ్యగారు.

"గట్టిదేనండి" అన్నాను, ఒక ముక్క చేత్తో పట్టుకుని.

"గట్టిదైతే ఎందుకు పగిలిందండి?"

"గట్టిది కాబట్టేనండి..."

బాబాయి నన్నూ ముక్కనూ మార్చి మార్చి చూశాడు. "ఒసేయ్, గట్టిదా కాదా? ఒక్క మాట చెప్పి చావు!"

చెప్పడానికి నాకు తెలిస్తే కదా! సుద్ద తగ్గిస్తే దెబ్బకి ఆగింది, బాబాయి ఎక్కితే కుంగింది. పెంచితే బాబాయిని మోసింది, దెబ్బకి పగిలింది. (మిల్లు నుంచి ఊక తెచ్చి నూరి కలిపితే కుంగిందీ, పగిలిందీ.) బుర్ర వేడెక్కిపోయి, చివరికి ఏడుపు గొంతుతో అత్తయ్యగారినే అడిగాను, ఏం చెయ్యమంటారని.

"మావాళ్ళు కొట్టడం మానరమ్మా. మీ బాబాయిగారు ఎక్కడం మానేస్తే సరిపోద్ది కదా? మా ట్రేల మీద ఎవరెక్కుతారండి! ధర కాస్త ఎక్కువైనా సుద్ద లేనివే పోయండి" అన్నారావిడ. బాబాయి ఆర్డరు రాసుకున్నాడు. షెడ్డు నిలిచింది.

ఒక సుద్ద ట్రే ఇప్పటికీ పిన్ని దగ్గరుంది. వెళ్ళినప్పుడల్లా అటక మీది గిన్నెలు దింపడానికి దాన్నే బోర్లించి ఎక్కుతాను. "ఇంతకీ అది గట్టిదేనటే?" అని పిన్ని నవ్వుతుంది. "ఎక్కితే గట్టిదే పిన్నీ" అంటాను, దాన్ని రెండు చేతులతో పసిపిల్లని దింపినట్టు గచ్చు మీద పెడుతూ.