నాలుక కొసన ఉప్పు

రంజాన్ నెలవంక కనబడకముందే మా చిన్నమ్మ వెళ్లిపోయింది. రోజూ తెల్లవారుజామున నమాజుకు చిన్నాన్నను ఆమే లేపేది. ఆ రోజు ఆయనకే మెలకువ వచ్చింది. పక్కకు తిరిగి చూస్తే ఇంకా నిద్రపోతున్నట్టే ఉందట. పై అంతస్తులో ఉన్న నాకు ఫోను చేసి, “పెద్దమ్మీ, ఒకసారి కిందికి రామ్మా” అన్నాడు. ఆ గొంతుతోనే తెలిసిపోయింది. ఇన్నాలిల్లాహి అనుకుంటూ మెట్లు దిగాను. సాయంత్రానికి జెద్దా మట్టిలో పెట్టి వచ్చారు.

నలుగురు అక్కచెల్లెళ్లలో పెద్దదాన్ని నేను, అందుకే ఇంట్లోవాళ్లకు పెద్దమ్మీని. పెళ్లయి ఈ దేశం వచ్చాక నాకు పెద్దదిక్కు ఆమే. రంజాన్ వస్తే మా కడప పద్ధతిలో పెద్ద గిన్నెడు గంజి కాచి, వీధి చివర మసీదులో రోజా ఉపవాసం విడిచేవాళ్ల కోసం పంపేది. నూకలు, పెసరపప్పు, కైమా, వెల్లుల్లి, చివర్లో కొబ్బరిపాలు. రాళ్లు ఏరిన నూకల్నే మళ్లీ వెలుతురులో పెట్టుకుని ఏరేది. ఎందుకంత అంటే, “దేవునికిచ్చేది. బాగుందా లేదా ఆయన చూసుకుంటాడు. సగం మనసుతో చేస్తినా అనేది నేను చూసుకోవల్ల” అనేది.

రోజాలో ఉండి వండేవాళ్లు నాలుక కొసతో ఉప్పు చూసి ఉమ్మేయవచ్చు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా ఎన్నడూ చూడలేదు. కళ్లు మూసుకుని, ఆవిరిని చేత్తో ముఖం మీదికి తీసుకుని వాసన పట్టేది. ఆ వంటింట్లో సాయంత్రం అసర్ నమాజు వేళ ఎండ, ఆవిరి కలిసిపోయి, ఆమె ఎక్కడో నీళ్ల అడుగున నిలబడి ఉన్నట్టు కనిపించేది.

గిన్నె మోసుకెళ్లేది మా బిల్డింగులో మరమ్మతులు చూసే జగిత్యాల ఆయన. అక్కడే పంక్తి చివర కూర్చుని తానూ తాగేవాడు. ఒకసారి, “నాకు రోజా లేదు గదమ్మా, ఉప్పు నేను సూసి చెప్తా” అన్నాడు. చిన్నమ్మ నవ్వింది. “పొద్దంతా మా ముందర నీళ్లు గూడా తాగకుండా తిరుగుతావే, నాకు తెలీదనుకుంటివా నాయనా?”

పోయిన రంజాన్‌లో ఒకరోజు ఉప్పు వేసి నమాజుకు వెళ్లింది. తిరిగొచ్చి, వేసిన సంగతి మరచి మళ్లీ వేసింది. జగిత్యాల ఆయన ఖాళీ గిన్నె తెచ్చిచ్చినప్పుడు ఎట్లుందని అడిగింది. ఆయన తల వంచుకుని, “ఉప్పు బాగ ఎక్కువైందమ్మా. తాగుడైతే అందరు తాగిన్రు” అన్నాడు.

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. ఇక వండనంది. ఇన్నేళ్లుగా ఇచ్చినవైనా దేవునికి చేరాయో లేదో అంది. నేను పక్కన కూర్చున్నాను.

మర్నాడు ఏమవుతుందోనని అసర్ తర్వాత దిగి చూస్తే, పొయ్యి మీద గంజి ఉడుకుతోంది. గరిటె కొసన చుక్క తీసి, ఊది చల్లార్చి, నాలుకకు తాకించింది. సింకులో ఉమ్మి, పుక్కిలించింది. తర్వాత చిటికెడు ఉప్పు వేసింది. నా వైపు తిరగకుండానే అంది:

“ఇన్నాళ్లూ నా రోజా మీద మచ్చ పడకూడదనే చూసుకుంటి పెద్దమ్మీ. పొద్దంతా ఎండలో పనిచేసి వచ్చి తాగేవాళ్ల నోరు మర్చిపోతిని. నా దగ్గరుండే మంచిదంతా ఇస్తాండాననుకుంటి. ఈ రోజాను మాత్రం నాకే దాచిపెట్టుకునే ఇచ్చినా.”

ఆ తర్వాత రోజూ చూసేది. చూసిన ప్రతిసారీ పెదవులు కదిలేవి. ఏమని అడుక్కునేదో నేను అడగలేదు.

ఈ ఏడు మొదటి రోజా నాడు ఆ గిన్నెలో గంజి నేను కాచాను. నాలుక కొసన చుక్క పెట్టుకున్నాను. ఉప్పు సరిపోయిందో, కళ్లలోది కలిసిందో తెలియలేదు.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక గిన్నె కోసం ఎదురుచూశాను. మా తలుపు దగ్గరికి రాలేదు. మెట్లు దిగి చూస్తే, జగిత్యాల ఆయన ఎప్పటిలాగే కడిగి, చిన్నమ్మ గుమ్మం ముందు పెట్టి వెళ్లాడు. అడుగున ఎవరో వేసిన గుప్పెడు ఖర్జూరాలు. వాటి మీద ఇంకా ఆరని నీటిచుక్కలు.