ఆముదం పూయని చక్రాలు

నిన్న మా మనవరాలు తన ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. మంచు దేశంలో ఎవరో పెద్దమనిషి, వాకిట్లో మంచు తోసే చిన్న యంత్రం తాలూకు బుల్లి చక్రాలకు నూనె పూస్తూ, ఇలా చేస్తే మంచు పేరుకుని గడ్డకట్టదు, చక్రం ఆగదు అని ఓపికగా చెబుతున్నాడు. ఎంత తెలివో చూడు నానమ్మా అని పిల్ల మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తెలివి మా అవ్వకు ఏనాడో ఉంది. వినే చెవులే మా ఇంట్లో లేవు.

మాది హుజూర్‌నగర్ పక్కన రేగడి నేలల పల్లె. వాన పడితే ఆ నల్లమట్టి ఎలా అంటుకుంటుందో నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, చెప్పులు చేతపట్టుకుని నడిచిన తరం మనది. మామూలు ఎడ్లబండికైతే పెద్ద చక్రాలు కనుక ఎలాగో దాటేది. కానీ ఇంటి ఆడవాళ్ళు పరువుగా పోవడానికని మా బాపు గూడు కట్టించిన సవారి కచ్చురం ఒకటి ఉండేది, దానివి చిన్న చక్రాలు. వాటికి ఎరుపూ పచ్చా రంగులు వేయించి, ఎవరైనా తాకితే కసురుకునేవాడు.

ఆ వానాకాలం మా అక్క తొలి కాన్పుకు వచ్చింది. ముసురు పట్టిన పొద్దున నొప్పులు మొదలై, మంత్రసాని తనవల్ల కాదనేసరికి హుజూర్‌నగర్ దవాఖానకు కదలాల్సి వచ్చింది. పెద్దబండి కడదామని అమ్మ అన్నా, మా ఇంటి ఆడపిల్ల నలుగురి కళ్ళలో పడుతూ పోవడమా అని బాపు కచ్చురమే కట్టించాడు. అవ్వ గిన్నెలో ఆముదం మడ్డి పట్టుకొచ్చింది.

"గా చక్రాలకు జర మడ్డి రాయి కొడుకా, రేగడి అంటకుంట ఉంటది" అని బతిమాలింది.

"కొత్త రంగు మీద మడ్డి పూస్తరా? ఊరోళ్ళు నవ్వుతరు. పక్కకు జరుగు" అన్నాడు ఆ మహానుభావుడు.

వాగు దాటగానే రేగడి మొదలైంది. మట్టి పొర మీద పొరగా చక్రాలకు చుట్టుకుని, పైన గూడుకు ఒరుసుకుని, చక్రాలు తిరగడమే మానేశాయి. బాపు కొడవలితో గీకడం, బండి కాస్త కదలడం, మళ్ళీ గీకడం. లోపల అక్క తల ఒళ్ళో పెట్టుకుని నేను. "చెల్లె, బండెందుకు ఆగింది? పొమ్మను" అని అక్క నా చెయ్యి నలిపేస్తూ ఒకటే మాట. చివరికి మాతోపాటు బండెక్కిన అవ్వ, గడ్డి కింద దాచి తెచ్చిన గిన్నె తీసి, తానే బురదలోకి దిగి, గీకిన చక్రాలకు మడ్డి పూసింది. బండి కదిలింది, మళ్ళీ ఆగలేదు. కానీ అప్పటికే పొద్దు వాలింది. దవాఖాన చేరకముందే బిడ్డ పుట్టింది. ఏడవలేదు.

అక్కను ఇంటికి తెచ్చిన నాడు మా బాపు చేసిన మొదటి పని, బూడిద వేసి ఆ చక్రాల జిడ్డు తోమించడం. అడిగినవాళ్ళకు నుదుటి రాత అని చెప్పాడు. ఏం రాత? ఆయన రంగులు కాదూ? పోయినవాళ్ళను తిట్టకూడదంటారు, నేను తిడతాను.

ఇప్పుడు ఆ దారంతా తారురోడ్డు. అయినా ఎన్నేళ్ళు గడిచినా, బస్సులో పోయేటప్పుడు ఆ చోటు రాగానే అక్క మాట ఆపేసి నా చెయ్యి పట్టుకునేది, దాటేదాకా వదిలేది కాదు. అక్క పోయాక మొన్న ఒక్కదాన్నే ఆ దారిన వచ్చాను. ఆ చోటు ఎప్పుడు దాటిపోయిందో నాకు తెలియనే లేదు.