పసుపు కింద తెల్లరంగు

రంగు పలచన చేసే థిన్నర్ వాసన తగిలితే నాకు కోపం వస్తుంది. మొన్న మా అమ్మాయి సాకేత్ మాల్‌లో కొనుక్కొచ్చిన డబ్బా విప్పినప్పుడూ అంతే. లోపల ప్లాస్టిక్ ముక్కలు, రంగుల సీసాలు. మూత మీద నిండు పసుపులో, ఎర్ర చారలతో, ఒకప్పుడు సైన్యం కోసం పరీక్షకు ఎగరేసిన విమానం బొమ్మ. "నాన్నా, మీ విమానమే కదా, అతికించుకోండి" అంది. నాదే మరి. దానికి ఆ రంగు ఎంచింది నేనేనని ఇంట్లో అందరికీ చెప్పి పెట్టాను. ఎంచలేదు. అసలు విమానాన్ని ముట్టుకోనైనా లేదు. మూరెడు చెక్క నమూనాకు రంగు వేశాను, అదీ తగలేశాను.

ఢిల్లీలో మా విమానాల ఆఫీసులో నమూనాల గదికి పెద్ద దానియేలు గారు. బాపట్ల వైపు మనిషి. నేను ఆయన కింద రంగులవాణ్ణి. "ఇంత రంగెందుకు మాస్టారూ, పెళ్లికూతురిలా?" అని ఒకసారి అడిగాను. "గాల్లో ఏ కాస్త వణికినా కింద చూసేవాళ్లకు తెలియాలిరా. తప్పు దాచుకుంటే ఇక పరీక్షెందుకు?" అన్నారు. ఇంత మాట చెప్పిన మనిషి నాకు చేసిన పని చూడండి.

నమూనా బాగుంటే విమానం మొదటిసారి ఎగిరే రోజున ఆయన్ను తీసుకెళ్తామని పై అధికారి మాటిచ్చాడు. మూడేళ్లు దాని డ్రాయింగులతోనే బతికిన ఆయన ఆ ప్రయాణానికి కోటు కూడా కుట్టించుకున్నారు. బూడిదరంగు పూత మీద ముందు తెలుపు వేసి, ఆరాక పసుపు వేయాలి. ఆ రోజు ఆయనకు జ్వరం, నాకు మాట్నీ. తెలుపు ఎగ్గొట్టి నేరుగా పసుపు పూసి పోయాను. మర్నాటికి కింది బూడిదరంగు పైకి కనబడి, నమూనా నాచు పట్టినట్టు ఆకుపచ్చగా తేలింది.

"పీలా హై యా హరా?" అన్నాడు అధికారి, ఇది పసుపా ఆకుపచ్చా అని. నేను కుంచె కడుగుతూ నిలబడ్డాను. దానియేలు గారు నా వైపు చూసి, "గల్తీ మేరీ హై, సాబ్" అని తప్పు తన మీద వేసుకున్నారు. వెళ్లేవాళ్ల జాబితాలోంచి ఆయన పేరు పోయింది.

సాయంత్రం బస్టాపులో నిలదీశాను. "మీరెందుకు ఒప్పుకున్నారు మాస్టారూ?"

"నువ్వు చెప్తావని కాసేపు చూశానురా. ఎవరో ఒకరు చెప్పాలిగా."

తిట్టలేదు. లెంపకాయ కొట్టినా ఆ రోజుతో తీరిపోయేది. మర్నాడు గరుకు కాగితం నా చేతిలో పెట్టి, "గీకు. ముందు తెలుపు" అన్నారు, అంతే. ఆ మంచితనం మీద నాకు ఇప్పటికీ మంటే.

ఆయన పోయి చాలాకాలమైంది. ఆనాటి నుంచి ఎక్కడ తప్పు జరిగినా నేనే ముందు లేచి ఒప్పుకునేవాణ్ణని రాద్దామనుకున్నాను. కాదు, ఉద్యోగమంతటిలోనూ రెండుసార్లే. ఈ డబ్బా వచ్చాక ఉండబట్టలేక, పోయిన ఆదివారం మా తెలుగు చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి, ఆ రంగు చెడగొట్టింది నేనన్నాను. కానీ బతికుండగా ఆయన అదే చోట నిలబడి, అది తన అజాగ్రత్తేనని చెప్పి పోయారు. పాస్టరు గారు కళ్లు తుడుచుకుని, "చూశారా, మాస్టారి పేరు మీద మచ్చ ఉండకూడదని అంకుల్ ఆ నింద తన మీద వేసుకుంటున్నారు" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు.

అప్పుడైనా కాదని చెప్పొద్దూ? చేతులు జోడించి కూర్చున్నాను. కూర్చుంటే హాయిగా కూడా ఉంది. ఆ హాయి మీద వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.