కోట తలుపుకి మేకులు, పిల్ల గదికి గడియ లేదు

హైదరాబాదులో యూనివర్సిటీలో చేరిన మా మనవరాలు ఈ రోజు ఉదయం వీడియో కాల్ చేసింది.

"అమ్మమ్మా, గోల్కొండ ఫోటో చూశావా? ఏనుగులు కుమ్మకుండా తలుపుకి ఎంతెంత ఇనప మేకులో!"

"అది సరేగానీ, నీ హాస్టల్ గది తలుపు చూపించవే" అన్నాను.

నసుగుతూ చూపించింది. లోపల గడియ ఊడిపోయింది. చున్నీతో తలుపు పిడిని మంచానికి కట్టి పడుకుంటోందట!

"వార్డెన్ గారికి చెప్పాం, చూస్తామన్నారు."

ఏం చూస్తారండి? రాజుల తలుపులు టిక్కెట్టు పెట్టి చూపిస్తారు గానీ, ఆడపిల్ల గదికి గడియ బిగించలేరా? మా పశువుల సావిడికి కూడా ఉందండి గడియ!

మా రామచంద్రపురంలో ఇనప గడియ కొని, హైదరాబాదు వెళ్ళే సాయంత్రం బస్సు డ్రైవరు గారి చేతికిచ్చి పంపాను. అది చేరేదాకా నాకు నిద్ర లేదు. మీ పిల్లల గది తలుపులు మీరు చూశారా?