నా ఫాంటు, మా తోడల్లుడి అక్షరాలు

మొన్న కంకిపాడులో మా మామగారి ఆబ్దికం నాడు, భోజనాలయ్యాక, మా మనవరాలు తన ఫోనులో ఆయన రాసుకున్న నేత కబుర్లు గడగడా చదువుతుంటే చుట్టాలందరూ చెవులు రిక్కించి విన్నారు, విన్నవాళ్లందరూ వాటిని ఫోనులోకి ఎక్కించిన మా తోడల్లుణ్ణి మెచ్చుకున్నారు, నేను మాత్రం వక్కపొడి నములుతూ లోలోపల కుతకుతా ఉడికిపోయాను. దాపరికమెందుకు, అసూయే. మన ఈడువాళ్లతో కాకపోతే ఇంకెవరితో చెప్పుకోను!

పటమటలో నాకో చిన్న డీటీపీ సెంటరు ఉండేది. మీకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కంప్యూటరుకు తెలుగు తెలియదు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన నంబర్ల మీదే మన తలకట్టునూ గుడినీ వత్తునూ ముక్కలు ముక్కలుగా కూర్చోబెట్టి పని జరుపుకునేవాళ్లం. ఒక్కో ఫాంటుది ఒక్కో వరస. ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే అన్నీ పిచ్చి గీతలే. అందుకే మా వృత్తిలో ఓ అలవాటు, ఎవరైనా అడిగితే ఫైలు ఇచ్చేవాళ్లం గానీ ఫాంటు చచ్చినా ఇచ్చేవాళ్లం కాదు. ఇస్తే గిరాకీ పక్క కొట్టుకు పోదూ!

మా మామగారు మగ్గం మీద బతికిన మనిషి. రంగుల అద్దకాలూ, అంచులు తీర్చే పద్ధతులూ, తనకు పని నేర్పినవాళ్ల సంగతులూ మూడు నోటు పుస్తకాల నిండా రాసుకుని, పెద్దల్లుణ్ణని ముందు నాకే ఇచ్చారు. ఓ వేసవంతా కూర్చుని, మొదటి పేజీలో నా పేరు కూడా చేర్చి కొట్టిపెడితే ఆయన ఎంత మురిసిపోయారో! పుస్తకం అచ్చు వేయించేలోపే పోయారు. ఆ తర్వాత బడిపంతులైన మా తోడల్లుడు ఆ ఫైలున్న సీడీ అడిగితే ఓ నకలు తీసి ఇచ్చాను. ఫాంటు కూడా అడిగాడు. మామగారి మెప్పులో ఇతగాడికి వాటా ఎందుకని, అది పోయిందని అబద్ధమాడాను.

“పోన్లెండి అన్నయ్యగారూ, యూనికోడ్ అని వచ్చిందంట కదా, అందులో మళ్లీ నేనే కొట్టుకుంటా” అని నోటు పుస్తకాలు పట్టుకెళ్లాడు. ప్రపంచంలోని ఏ లిపి అక్షరానికైనా అందరూ ఒప్పుకున్న ఒకే నంబరు ఉంటుందట, ఏ కంప్యూటరైనా దాన్ని గుర్తుపడుతుందట. కోడి గింజలేరుకున్నట్టు రెండు వేళ్లతో ఏడాది పొడుగునా కొడుతూ, వత్తులు విరిగి పక్కన పడితే మళ్లీ సరిచేసుకుంటూ అతను పడ్డ పాట్లు చూసి, మా ఆవిడ దగ్గర ఎంత ఎగతాళి చేశానో.

తర్వాత నా కొట్టు మూతపడింది, పాత కంప్యూటరు పాడైంది, దాంతోపాటు ఫాంటు నిజంగానే పోయింది. నా అబద్ధమే నిజమై కూర్చుంది. మొన్న కంకిపాడు నుంచి రాగానే ఉక్రోషం పట్టలేక, ముందు కొట్టింది నేనని చూపిద్దామని, నా దగ్గరున్న సీడీని మనవరాలి చేత తెరిపించాను. పిల్ల కాసేపు తేరిపార చూసి, “ఇది ఏ భాష తాతయ్యా?” అంది.

తర్వాత మా తోడల్లుడి ఫైలు మొదటి పేజీ తీసి చూపించింది. మొట్టమొదట ఈ అక్షరాలు కూర్చింది మా అన్నయ్యగారని, నా పేరు ఇంటిపేరుతో సహా రాశాడు మహానుభావుడు. పోయిందన్న నా మాట అతను నమ్మాడో లేదో, ఒక్కనాడూ అడగలేదు.

మన రోజుల్లో అక్షరానికి కూడా ఓ తాళం ఉండేది, ఆ తాళంచెవి మా జేబులో ఉండేది, అదే గొప్ప అనుకునేవాళ్లం. ఇప్పుడు అక్షరం అందరిదీ. ఆ మంచితనం చూశాకైనా అసూయ చల్లారాలి కదా, చల్లారలేదండీ. ఆ సీడీలో నా చేత్తో నేను కొట్టుకున్న నా పేరు ఇవాళ నాకే చదవరాదు. చదవాలంటే అతను కొట్టినచోటికే వెళ్లాలి.