పెరటి తొట్టిలో పడవ మోటారు

మొన్న మేనల్లుడి కొడుకును శ్రీ సిటీలో కొత్త ఉద్యోగంలో దిగబెట్టి తిరిగి వస్తూ తడ దగ్గర టీకి ఆగాను. టీ బంకు పక్కనే పడవల మోటార్లు అమ్మే అంగడి ఉంది. కొత్త మోటార్లను వరసగా చెక్క స్టాండ్లకు తగిలించి పెట్టారు. ఇద్దరు కుర్రవాళ్లు ఫోనులో ఏదో వీడియో పెట్టుకుని, దాన్నీ ఎదురుగా ఉన్న మోటారునూ మార్చి మార్చి చూస్తున్నారు. ఒకడు పెద్దదే కావాలంటాడు, ఇంకొకడు తల అడ్డంగా ఊపుతాడు. టీ చల్లారిపోయినా నాకు అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. పడవకు మోటారు ఎంచడమనే విద్యలో నాకూ కొంత ప్రవేశం ఉంది. సముద్రానికి ఎంతో దూరంలో, తిరుపతిలో, చేప అనే మాటను కూడా గట్టిగా పలకని ఇంటి పెరట్లో సంపాదించిన ప్రవేశం అది.

ఎనభైల మొదటి సంవత్సరాలు. మా నాయన కొండకు నీళ్లు ఎక్కించే పంపుల దగ్గర పనిచేసేవాడు. తెల్లవారి స్నానం చేసి, నామం దిద్దుకుని, పంపుల షెడ్డుకు పోయి సాయంత్రం దాకా ఇంజన్ల మధ్య గడిపే మనిషి. దేన్నయినా హార్స్‌పవర్‌తో కొలవడం ఆయన అలవాటు. ఎదురింటి కొత్త అల్లుడు అర హార్స్‌పవర్ మనిషి. మా అమ్మ పదిహేను. నేను అప్పుడే ఒక దినపత్రికలో విలేకరిగా చేరాను. నాకు అంకె ఇవ్వకుండా, "వీడు ఇంకా స్టార్టు కాలేదు" అనేవాడు.

తడ మామ మాకు చుట్టం కాడు. పులికాట్ సరస్సు ఒడ్డున, తడకు అవతల ఒక చిన్న ఊళ్లో చేపలు పట్టుకునే మనిషి. మా తాత కాలంలో వాళ్ల కుటుంబం తలనీలాలు ఇవ్వడానికి వచ్చి, వానలో చిక్కుకుని మా అరుగు మీద తలదాచుకుందట. అప్పటినుంచి ఏటా వాళ్ల బస అక్కడే. ఆయన వలలో పడేది ఏదీ మా గడప దాటడానికి వీల్లేదు గనుక వేసవిలో అయితే ముంజలు, చలికాలంలో అయితే తేగలు తెచ్చేవాడు. మా అమ్మ పులిహోర కట్టి పంపేది. నవ్వు వస్తే మామకు ముందు భుజాలు ఊగేవి, ఆ తర్వాత ఎప్పుడో నోరు తెరుచుకునేది.

ఆ ఏడు మాత్రం అకాలంలో, ఒక్కడే, నెత్తిన గోనెసంచి మూటతో వచ్చాడు. కాళహస్తి బస్సులో కండక్టరు ఆ మూటను లోపలికి రానివ్వక టాపు మీదికి ఎక్కించాడట. మూట ఇంకా వీధి మలుపులో ఉండగానే మా అమ్మ వంటింట్లోంచి కనిపెట్టింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి, అందులో ఏముందో, దాన్ని ఎక్కడ దించదలచుకున్నాడో చెప్పమంది.

"చేప కాదు తల్లీ, పడవ మోటారు. ఇన్నేండ్లు చేపల్తో కాపరం చేసినాది గదా, ఆ వాసన" అన్నాడు మామ.

మూట పెరట్లోకి పోయింది. నాయన రెండు సాయంత్రాలు దానిమ్మ చెట్టు కింద గోనెపట్టా పరిచి ఆ మోటారును విప్పాడు. విప్పిన కొద్దీ ఉప్పు రాలింది. చివరికి చేతులు తుడుచుకుని, దీన్ని బాగుచేయడం కన్నా దీనికి దినం చేయడం మేలన్నాడు. అప్పుడు మామ సంగతి చెప్పాడు. వాళ్ల ఊళ్లో వల వేసే చోట్లకు వంతులుంటాయి. సముద్రపు నీళ్లు సరస్సులోకి వచ్చే మొగ దగ్గరి చోటు అన్నిటికన్నా మంచిది, రొయ్యలన్నీ అక్కడే. ఏడాదికొకసారి, ఒక వారం పాటు, ఒక్కొక్క పడవకు ఆ చోటు దక్కుతుంది. పట్టిన సరుకును సాయంత్రానికి తడకు తెచ్చి ఐసు లారీకి అందించాలి. మళ్లీ పొద్దు పొడిచేలోపు మొగ దగ్గర వల దించాలి. ఒక్క పొద్దు తప్పినా మిగిలిన వారమంతా తర్వాతివాడిది. గాలి ఎదురుగా ఉండే కాలం కాబట్టి తెరచాప లాభం లేదు, గడకర్రతో తోసుకుంటూ పోతే అందుకోలేరు. పోయిన ఏడు మామ జ్వరంతో పడుకుని వంతు పోగొట్టుకున్నాడు. ఈసారీ పోతే ఆయనవీ, ఆయన ఇద్దరు తమ్ముళ్లవీ మూడు పొయ్యిలు ఎట్లా వెలుగుతాయో తెలియదు. వంతు అమావాస్య దాటగానే.

ఆ మాటతో నాయనకు ఎక్కడలేని హుషారు వచ్చింది. నా చేత మా పత్రిక మద్రాసు ఆఫీసుకు ఫోను చేయించి, మోటార్ల కంపెనీల కరపత్రాలు బస్సులో తెప్పించాడు. భోజనాల దగ్గర నేను వాటిని తెలుగులో చదివి వినిపించాలి. పెరుగన్నంలోకి మాగాయ ముక్క నంజుకుంటూ, రొయ్యల పడవకు ఏ మోటారు శ్రేష్ఠమో తర్కించిన వైష్ణవ కుటుంబం ఆ వీధిలో మాది ఒక్కటే అయి ఉంటుంది. కొత్తది కొనే స్తోమత మామకు లేదు. పాత యంత్రాలు కొని అమ్మే ఒక భాయ్ మా నాయనకు స్నేహితుడు, హార్బరు వేలాలకు పోతుండేవాడు. వారం తిరగకముందే ఆయన రెండు మోటార్లను తోపుడు బండి మీద వేయించుకుని వచ్చాడు.

ఒకటి పెద్దది. నీలం రంగు మెరుస్తూ, నిలబెడితే నా ఛాతీ దాకా వచ్చింది. ఇంకొకటి రంగు పోయి, మూత సొట్టపడి, పొట్టిగా, పాతసామాన్లవాడు కూడా ఆలోచించి తీసుకునే బిందెలా ఉంది. నాయన పెద్దదాని మీద చెయ్యి వేశాడు, ఇక తీయలేదు. మామ దాని చుట్టూ ఎద్దును బేరమాడేవాడిలా రెండు సార్లు తిరిగాడు. నేనైతే సరస్సు మీద నీలం మోటారు దూసుకుపోతుందని వార్త మనసులో రాసేసుకున్నాను. చిన్నదాన్ని కూడా ఒకసారి చూడమని భాయ్ రెండు మూడు సార్లు అన్నాడు గానీ, వినే స్థితిలో ఎవరూ లేరు.

నడిపించి చూడకుండా నాయన దేన్నీ కొననివ్వడు. ఈ మోటారు నీళ్లలో తప్ప నడవదు. మా పెరట్లో బట్టలుతికే రాతి తొట్టి ఉండేది. అమ్మ ఒప్పుకుంది. అయితే తర్వాత తొట్టిని పసుపు నీళ్లతో కడిగే పని నాయనదే, ఆ కడిగేటప్పుడు హార్స్‌పవర్ మాటెత్తకూడదు. తొట్టి అంచున బల్ల బిగించి, నలుగురం కలిసి పెద్ద మోటారును దానికి తగిలించాం. కింద కడ్డీ చివర నీళ్లను తోసే పంకా తొట్టిలోకి దిగింది, దిగి అడుగు బండకు ఆనింది. మోటారు సగం పైనే ఉండిపోయింది. నాయన నిరాశపడలేదు. షెడ్డులో లోతైన డ్రమ్ము ఉందనీ, రేపు తెప్పిస్తాననీ అన్నాడు.

వంటింటి గడపలో నిలబడి ఇదంతా చూస్తున్న మా అమ్మ అప్పుడు నోరు విప్పింది.

"అయితే ఏమప్పా, మీ ఆడ నీళ్లు ఈ తొట్టికన్నా ఎంత లోతు?"

మామ పంచె ఎగగట్టి, మెల్లగా ఒక కాలు తొట్టిలో పెట్టాడు. నీళ్లు మోకాలు దాటి కొంచెం పైకి వచ్చాయి. ఆయన తన కాలు వైపు కొత్తవాడి కాలును చూసినట్టు చూశాడు.

"మొగకాడికి పొయ్యే దావలో సగం ఇంతే తల్లీ" అన్నాడు. "పుట్టినకాడ్నించి అందులోనే నడస్తా ఉండాను. ఈ నీలంరంగు జూసేసరికి అంతా మర్సిపోయినాను."

ముందుగా ఆయన భుజాలు కదిలాయి. తర్వాత భాయ్ బండి పట్టుకుని నవ్వాడు, పెద్ద బేరం తప్పిపోతున్న మనిషి అంతగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు. నాయన ఒక్కడే కాసేపు బల్ల ఎత్తు పెంచి చూద్దామని, పంకా కడ్డీని కాస్త కోసి పొట్టి చేద్దామని ఏవేవో దారులు వెతికి, చివరికి నీలం మూత మీద ఒకసారి తట్టి వదిలేశాడు. చిన్నది తొట్టిలో సరిగ్గా ఇమిడింది. తాడు లాగిన మూడోసారికి అందుకుంది. అందుకున్నాక తొట్టిలోని నీళ్లన్నిటినీ పైకి లేపి, దండెం మీది మడిబట్టలను, మా నాయన నామాన్ని, భాయ్ గడ్డాన్ని తడిపి, కిరసనాయిలు పొగతో పెరడంతా నింపేసింది. అమ్మ తడిసిన మడిబట్టలను దండెం మీంచి తీసింది. "దీన్ని పదిహేను అనుకోవచ్చు" అని లోపలికి పోయింది.

కానీ అది పదిహేను కాదు, అందులో సగం కూడా కాదు. పొద్దు పొడిచేలోపు మొగ దాకా లాగుతుందా అన్నది ఎవరికీ తెలియదు. నాయనకు నిద్ర పట్టలేదు. వంతు మొదలయ్యే ముందురోజు సెలవు పెట్టి, నన్ను వెంటబెట్టుకుని తడకు ప్రయాణమయ్యాడు. అంతకుముందు ఆయన పడవ ఎక్కి ఎరగడు. కోడి కూసే వేళకు, నామం దిద్దుకుని, వలల కుప్ప పక్కన పలక మీద కూర్చున్నాడు. మామ తమ్ముళ్లు ఆయన కాళ్లకు వలతాళ్లు తగలకుండా సర్దుతూనే ఉన్నారు.

ఎదురుగాలి. మోటారు టకటకలాడుతూ, ఎక్కడా తడబడకుండా పోయింది. నాయన చెయ్యి దాని మూత మీదే, జ్వరం చూసే చెయ్యిలాగా. ఒకచోట పడవ కింద ఇసక మేట గరగరమంది. మామ మోటారును కొంచెం ఎత్తి, మళ్లీ దించాడు, అంతే. ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. తర్వాత ఒక పక్క ఎర్రబడసాగింది. నాయన ఆ పక్క చూడటం మానేశాడు. మొగ దగ్గర ఇంకో పడవ, వంతు కోసం కాచుకుని ఉన్నవాళ్లది, లంగరు వేసి ఉంది. అందులోంచి ఎవడో కేక వేశాడు:

"ఏమన్నా, సామిని తెచ్చుకుంటే పొద్దు ఆగతాదనుకున్నావా?"

"ఆగకపోయినా పరవాలేదు, నేను ముందే వచ్చినాను" అని మామ వల అంచును నీళ్లలోకి వదిలాడు. గుంజలకు కట్టి, చివరి తాడు బిగించాక ఎండ మా ముఖాల మీద పడింది. కాచుకున్న పడవవాళ్లు నవ్వుకుంటూ తెరచాప ఎత్తి వెళ్లిపోయారు.

తర్వాత చేయడానికి ఏమీ లేదు. మోటారు ఆపేశారు. ఇక నీళ్ల చప్పుడే. మామ తమ్ముడు తాటాకు దొన్నెలో చద్దన్నం పెట్టుకున్నాడు, నాయనకూ నాకూ అమ్మ కట్టిన పులిహోర. దూరంగా గులాబిరంగు కొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. అవి కూడా మోకాలి లోతులోనే. వలలో ఏదో కదిలినప్పుడల్లా మా నాయన, ముట్టుకోకూడని ఆ జీవాల కోసం, పసిపిల్లవాడిలా లేచి చూసేవాడు. ఆయన అంత తీరికగా, ఏ ఇంజనూ నడవని చోట, అంత సంతోషంగా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. ఎవరూ టైము అడగలేదు. నా ఉద్యోగమంతా వార్తను వేళకు అందించడానికి పరుగెత్తడంతోనే సరిపోయింది. ఆ పరుగుల్లో చాలావరకు మరిచిపోయాను. వేళకు చేరిపోయాక ఊరికే కూర్చున్న ఆ పొద్దు మాత్రం నా జ్ఞాపకంలో ఇంకా నడినెత్తికి రాలేదు, మా ముఖాల మీద పడిన చోటే ఆగి ఉంది.