స్టాపు దాటని వుబ్బె

మా గోల్‌కీపర్ వుబ్బె బంతిని దూరంగా తన్నడు. చచ్చినా తన్నడు. మైదానం తగలబడిపోతున్నా సరే, పక్కనున్న డిఫెండర్‌కి మెల్లగా దొర్లించి, "టైముంది, ఆడు!" అంటాడు. ఆ టైము ఎక్కడుందో మాకెవరికీ ఎన్నడూ కనిపించలేదు.

ఉద్యోగమేమో బస్సు డ్రైవరు. గ్రోనింగెన్ పట్నం నుంచి మా ఊరు లుట్కెవోల్డె దాకా పందొమ్మిది స్టాపులు. ఎక్కేవాడూ దిగేవాడూ లేకపోయినా ప్రతి స్టాపులోనూ ఆపుతాడు. బంతిదీ అదే దారి. వుబ్బె నుంచి డిఫెండర్‌కి, డిఫెండర్ నుంచి ఇంకొకడికి, అక్కణ్ణుంచి, తొంభై శాతం, అవతలి జట్టువాడికి.

ఆ డిఫెండర్లలో నేనొకణ్ణి. బంతి వుబ్బె చేతికి రాగానే బూటు లేసు కట్టుకునే వంకతో కూర్చుండిపోయేవాణ్ణి. ఒక ఆటలో పద్నాలుగుసార్లు కట్టుకున్నాను. చివరికి రిఫరీ వచ్చి, "లామర్ట్, మా మనవడికి లేసుల్లేని బూట్లు కొన్నాం, నీకూ ఓ జత చెప్పమంటావా?" అన్నాడు.

కాని నేను కూర్చున్నా నిలబడ్డా ఒకటే. వుబ్బె కళ్ళు ఎప్పుడూ నా పక్క డిఫెండర్ సీట్సె మీదే. సీట్సెకి అరవై ఒకటి. పరుగు మానేసి పదేళ్ళు. ఆగస్టులో భార్య పోయాక మాట కూడా మానేశాడు. ఆదివారం వచ్చేవాడు, ఆడేవాడు, క్యాంటీన్లో కిటికీ వైపు తిరిగి కాఫీ తాగి వెళ్ళిపోయేవాడు. అలాంటివాడికి, ఇద్దరు కుర్ర ఫార్వర్డ్‌లు మీద పడుతుండగా, బంతి!

అక్టోబరులో సీట్సె తల మాత్రం అడ్డంగా ఊపేవాడు. బంతి వచ్చేది. గోలయ్యేది. డిసెంబరులో "వద్దు" అన్నాడు. వచ్చింది. అయింది. మార్చికల్లా, "నాకివ్వకురా గాడిదా! నీ కళ్ళు బస్సులో మరిచిపోయి వచ్చావా?" అని అవతలి ఊరికి వినిపించేలా అరిచేవాడు.

"టైముంది, ఆడు!" అనేవాడు వుబ్బె.

ఇరవై ఒక్క ఆటలయ్యేసరికి మేము అట్టడుగున ఉన్నాం. క్లబ్బు కార్యదర్శి బౌవీన క్యాంటీన్లో బఠానీ సూపు వడ్డిస్తూనే తీర్పు చెప్పింది. "ఆఖరి స్థానంలో ముగిస్తే మీ జట్టు, మన క్లబ్బు ఐదో జట్టు, రద్దు. మీ బట్టలుతకడానికి మిషను కూడా ఒప్పుకోవడం లేదు."

ఆఖరి ఆట డ్రా అయితే చాలు, గట్టెక్కుతాం. నాకు ఆదివారాలు అంటూ ఉన్నది ఆ జట్టు వల్లే. లేకపోతే మా మామగారింట్లో మధ్యాహ్నం దాకా చిలకల బొమ్మల సేకరణ చూడాలి.

ఆ ఆఖరి ఆటలో ఇంకొక్క నిమిషం ఉంది. స్కోరు రెండు రెండు. బంతి వుబ్బె చేతిలో ఉంది.

"తన్నరా!" అన్నాను.

"కాలవలోకి తన్ను!" అన్నారు అందరూ.

"నాకు మాత్రం ఇవ్వకు!" అన్నాడు సీట్సె.

వుబ్బె సీట్సెకే దొర్లించాడు. మిగతాది చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. రెండు మూడు.

అందరూ లోపలికి వెళ్ళాక గోలు దగ్గర వుబ్బెని పట్టుకున్నాను. "తన్నడం చేతకాకపోతే ముందే చెప్పొచ్చుగా! ఇంకో కీపర్ని వెతుక్కునేవాళ్ళం!"

వుబ్బె బంతిని గడ్డి మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, తన్నాడు. అది మైదానం దాటింది, అవతలి గోలు దాటింది, కంచె దాటింది. కాలవలో చప్పుడు వినిపించింది.

నా నోరు తెరుచుకునే ఉంది. "ఇంత కాలు పెట్టుకునా, ఏడాదంతా..."

"బుధవారం బుధవారం పూలు పట్టుకుని నా బస్సెక్కుతాడు సీట్సె. శ్మశానం స్టాపులో దిగుతాడు. శుభోదయం అన్నా పలకడు. వాతావరణం గురించి మాట్లాడినా పలకడు. బంతి ఇస్తే తల ఊపాడు. సరే, ఇంకోటి ఇచ్చి చూద్దాం అనుకున్నాను."

"ఎన్ని ఇచ్చావురా!"

"లామర్ట్, మొన్న బుధవారం ఎక్కుతూనే నన్ను గాడిదా అన్నాడు. అదీ ప్రయాణికులందరి ముందూ." వుబ్బె మొహం పతకం అందుకున్నవాడిలా వెలిగిపోయింది.

అంతలో క్యాంటీన్లోంచి సీట్సె కేక వినిపించింది. "ఆ గాడిద ఎక్కడ చచ్చాడు? సూపు చల్లారిపోతోంది!"

జట్టు రద్దయింది. బౌవీన మమ్మల్నందర్నీ నడక ఫుట్‌బాల్లో చేర్చింది. అందులో పరుగెత్తకూడదు. బంతి నడుము కంటే పైకి లేవకూడదు. లోకంలో వుబ్బె పద్ధతే చట్టంగా ఉన్న చోటు అదొక్కటే.

మొదటి ఆటలో సీట్సె ఖాళీగా నిలబడి చేతులూపాడు. "నాకివ్వరా! నాకు!"

బంతి నా దగ్గరికి దొర్లింది. ఎదురుగా ముగ్గురు నడిచి వస్తున్నారు.

"నాకెందుకురా?" అని మొత్తుకున్నాను.

"మీ ఆవిడ చెల్లెలింటికి వెళ్ళిందటగా. ఇంట్లో ఒక్కడివే."

"మూడు రోజుల్లో వచ్చేస్తుంది!"

"మూడు రోజులు తక్కువేం కాదు," అన్నాడు వుబ్బె. "టైముంది, ఆడు!"

నేను లేసు కట్టుకోవడానికి కూర్చున్నాను.